కుటుంబముతో విదేశమున మోటారు యాత్ర: మార్గ నిర్ణయము

ప్రయాణము చేయుట వేఱు, ప్రయాణమునకు మార్గమును నిర్ణయించుట వేఱు. మొదటిదానికి ధనమును ఓపికయు చాలును. రెండవదానికి ఆలోచన కావలెను. ఈ కాలమున మన కుటుంబములలో కొందఱు స్వల్పకాలపు సెలవులలో విదేశములకు పోయి, అచ్చట మోటారు కారును అద్దెకు తీసికొని, తామే నడుపుకొనుచు దేశము చూచి వచ్చుచున్నారు. రైలుబండి నెక్కినవాడు దారినిగూర్చి చింతింప నక్కఱలేదు. పట్టాలే వానిని గమ్యమునకు చేర్చును. కారు నడుపువాడు మాత్రము ప్రతి మలుపునకును తానే బాధ్యుడు. వాని వెనుక కూర్చున్నవారు పరులు గారు. వాని బిడ్డలు, వాని ముసలితల్లి. కావున ఈ విషయమును వినోదముగా గాక యొక విద్యగా నెంచి కొంత విపులముగా వ్రాయదలచితిమి.

సూత్రములను ఊరక వల్లించుటకంటె ఒక దృష్టాంతముతో విప్పి చెప్పుట మేలని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. అందుచే న్యూజిలాండు దేశపు దక్షిణ ద్వీపమును దృష్టాంతముగా గైకొనుచున్నాము. అచ్చటను మనవలెనే బండ్లు రోడ్డునకు ఎడమవైపున నడచును. దారి గుర్తులు ఇంగ్లీషులో నుండును. యాత్రికులుగా ఒక కుటుంబమును ఊహింతము: తండ్రి, తల్లి, పదేండ్ల కూతురు, అయిదేండ్ల కుమారుడు, డెబ్బదియేండ్ల నాయనమ్మ. కారు నడుపువాడు తండ్రి యొక్కడే. వారి చేతనున్నవి ఎనిమిది రాత్రులు.

దేశస్వరూపము

మార్గమును గీయుటకు ముందు దేశముయొక్క ఆకారమును మనస్సున నిలుపుకొనవలెను. దక్షిణ ద్వీపము సుమారు 1,50,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. మన ఆంధ్రప్రదేశముకంటె కొంచెము చిన్నది. జనసంఖ్య మాత్రము సుమారు 12 లక్షలే. కావున ఊరికిని ఊరికిని నడుమ దూర మెక్కువ. మనుష్య సంచారము తక్కువ. మన రోడ్లమీదవలె ప్రతి రెండు మైళ్లకును టీ దుకాణమో, బండి బాగుచేయువాడో కనబడడు.

ఈ ద్వీపమునకు పొడవునను వెన్నెముకవలె దక్షిణ ఆల్ప్సు పర్వతములు నిలిచియున్నవి. టాస్మను సముద్రమునుండి వచ్చు పడమటి గాలులు తేమను మోసికొని వచ్చి ఈ పర్వతములను తాకి పైకి లేచి, చల్లబడి, పడమటి తీరమున కుంభవృష్టి కురియును. అచ్చట ఏటికి కొన్ని వేల మిల్లీమీటర్ల వాన పడును. పర్వతముల కావల తూర్పుతీరమందలి క్రైస్ట్‌చర్చి నగరమున సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే. భూగోళ పాఠమున మనము చదివిన పడమటి కనుమల సంగతి యిట్టిదే. నైరుతి ఋతుపవనము కొంకణమున కుండపోతగా కురిసి, అనంతపురమునకు వచ్చునప్పటికి వట్టి గాలియై పోవును గదా!

ఈ పర్వతశ్రేణిని మోటారు బండ్లు దాటదగిన కనుమలు మూడే గలవు: ఉత్తరమున లూయిస్ కనుమ, నడుమ ఆర్థర్ కనుమ, దక్షిణమున హాస్ట్ కనుమ. అనగా తూర్పునుండి పడమటికి పోగోరువాడు ఈ మూడు వాకిళ్లలో ఒకదానిగుండ పోయి, మఱియొకదానిగుండ తిరిగి రావలెను. ఈ యొక్క సంగతి తెలిసినంతనే మార్గము సగము తేలిపోవును.

రోజులను గాదు, రాత్రులను లెక్కింపుడు

పలువురు "మాకు తొమ్మిది రోజులున్నవి" అని మొదలుపెట్టుదురు. అది మోసపు లెక్క. దిగిన దినము సగము విమానాశ్రయముననే పోవును. బయలుదేరు దినమును అట్లే. నిద్రించు రాత్రులను లెక్కించినచో నిజమైన కాలము తెలియును.

మొదటి రాత్రి కారు లేకుండుటయే శ్రేయస్కరము. హైదరాబాదునుండి బయలుదేరి, సింగపూరు వంటి చోట విమానము మారి క్రైస్ట్‌చర్చి చేరునప్పటికి ఒక రాత్రి నిద్ర చెడియుండును. అక్కడి వేసవిలో వారి గడియారము మనకంటె ఏడున్నర గంటలు ముందు. అచ్చట పగలు పదకొండున్నర యైనప్పుడు మన శరీరము తెల్లవారుజాము నాలుగని తలచుచుండును. అట్టి మనుష్యుడు చక్రము పట్టుట నిద్రలో నడచుటవంటిది. విమానము దిగినంతనే కారెక్కి మూడు గంటలు నడిపిన యెడల ఒక రాత్రి గది బాడుగ మిగులును, నిజమే. కాని దానికి పందెముగా నొడ్డబడునవి అయిదు ప్రాణములు. ఆ దినము నగరములో మెల్లగా నడచి, త్వరగా పండుకొనవలెను. 2011 ఫిబ్రవరి 22వ తేదీ భూకంపమున 185 మంది మరణించిన నగరమిది. వారి పేర్లు చెక్కిన స్మారకపు గోడ నదియొడ్డున కలదు. పెద్దలును పిల్లలును దానిని చూచి రావచ్చును.

కడపటి రాత్రియు అట్లే విమానాశ్రయమునకు సమీపమున నుండవలెను. ఎంత చక్కని దారి యైనను విమానమెక్కు దినముననే దూరమునుండి రాదలచుట తగదు. ఇట్లు ఎనిమిదిలో రెండు పోగా మనకు నిజముగా మిగిలినవి ఆరు రాత్రులు.

కిలోమీటర్లను గాదు, గంటలను కొలువుడు

అచ్చట ఊరి వెలుపలి రోడ్లమీద, వేఱు గుర్తు లేనిచోట, గంటకు 100 కిలోమీటర్ల వేగము వఱకు పోనిత్తురు. దీనిని చూచి 300 కిలోమీటర్లకు మూడు గంటలని లెక్క వేయువారు కలరు. నూరు అనునది దాటరాని హద్దే గాని, చేరి తీరవలసిన వేగము గాదు. పర్వతపు మలుపులలో సగటున గంటకు 60 కిలోమీటర్లని యెంచుట క్షేమము. రెండు గంటల కొకసారి బండి నిలిపి నడుపువాడు విశ్రమింపవలెను. పిల్లవానికి ఆకలియగును, నాయనమ్మకు మోకాళ్లు పట్టును, సరస్సు కనబడినచోటనెల్ల కూతురు దిగుదమనును. వీటిని ఆటంకములని తలపరాదు. యాత్ర యనగా ఇవియే. కావున బండి నడచు కాలమునకు సగము కాలము చేర్చి లెక్కింపవలెను. 285 కిలోమీటర్లకు సుమారు నాలుగు గంటల ముప్పావు నడక. దానిలో సగము చేర్చిన ఏడు గంటలు దాటును. ఉదయము తొమ్మిదింటికి బయలుదేరినవారు సాయంకాలము నాలుగింటికి చేరుదురు. ఒక్క డ్రైవరు గల కుటుంబమునకు ఒక దినమున ఇదియే పరమావధి యని మా యభిప్రాయము.

ఋతువును మఱువరాదు. భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తలక్రిందులు. మన సంక్రాంతి సెలవులు వారికి నడి వేసవి. మన దసరా వారికి వసంతము. మన మే నెల వారికి ఆకు రాలు కాలపు చివర. డిసెంబరులో అచ్చట సూర్యుడు రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట అస్తమించును. జూనులో సాయంకాలము అయిదింటికే చీకటి పడును, కనుమలమీద మంచు పేరుకొనును. అదే మార్గము, అవే కిలోమీటర్లు. ఐనను రెండు వేఱు యాత్రలు. డిసెంబరు, జనవరి నెలలు వారి పాఠశాలలకును సెలవులు గాన గదులు దొరకుట కష్టము. చాల ముందుగా నిశ్చయించుకొనవలెను.

మార్గము

మా దృష్టాంత కుటుంబమునకు ఏర్పఱచిన మార్గమిది. ఇది ఒక వలయము; బయలుదేరినచోటికే తిరిగి వచ్చును. కారును తీసికొన్నచోటనే అప్పగించుటవలన, వేఱొక ఊరిలో విడిచినందులకు కొందఱు పుచ్చుకొను అదనపు రుసుము తప్పును.

రెండవ దినము క్రైస్ట్‌చర్చినుండి తెకపో సరస్సునకు సుమారు 230 కిలోమీటర్లు. మొదట విశాలమైన మైదానము, పిదప మెల్లగా ఎత్తెక్కు దారి. క్రొత్త బండికి చేయి అలవాటగుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. వలయమును ఈ దిక్కుగా తిప్పుటకు ఇదియొక కారణము. తెకపో జలము పాలు కలిపిన నీలము వన్నెది. హిమానీనదములు రాతిని అరుగదీసి పిండిచేయగా ఆ పిండి నీటిలో తేలియాడి వెలుతురును చెదరగొట్టుటచే ఆ వన్నె కలుగును. ఒడ్డున 1935లో రాతితో కట్టిన 'మంచి కాపరి' దేవాలయము కలదు; బలిపీఠము వెనుకనున్న కిటికీలో సరస్సును కొండలును చిత్రపటమువలె కనబడును. ఈ ప్రాంతపు ఆకాశము 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రదేశముగా గుర్తింపబడినది. మబ్బు లేని రాత్రి పిల్లలు దక్షిణ శిలువ యను నక్షత్ర సమూహమును తలమీదుగా చూతురు.

ఇచ్చట రెండు రాత్రులు. మూడవ దినము సామాను గదిలోనే యుంచి, 105 కిలోమీటర్ల దూరముననున్న అఒరాకి పర్వతపు పాదమునకు పోయి సాయంకాలమునకు తిరిగి రావలెను. 3,724 మీటర్ల యీ శిఖరము ఆ దేశమున నన్నిటికంటె ఎత్తైనది. 1991లో దీని కొన విఱిగిపడి ఎత్తు తగ్గినది. వాన పడినచో ఆ దినము పోక నిలిచిపోవచ్చును. గది మార్చవలసిన పని లేదు. ఒకేచోట రెండు రాత్రులుండుటలోని లాభ మిదియే.

నాల్గవ దినము లిండిస్ కనుమ మీదుగా వనాకా పట్టణమునకు సుమారు 200 కిలోమీటర్లు. ఇచ్చటను రెండు రాత్రులు. ఐదవ దినము బండి కదలదు. బట్టలు ఉదుకుకొనుట, సరస్సు గట్టున నడచుట, వంటగది గల బసలో అన్నము వండుకొని తినుట, ఇవియే ఆ దినపు పనులు. "అంత ఖర్చుపెట్టి పోయి బట్టలు ఉదుకుటయా?" అని కొందఱందురు. ఆ దినపు విలువను ముందు చెప్పెదము.

ఆఱవ దినము అన్నిటికంటె దీర్ఘమైనది: హాస్ట్ కనుమ దాటి పడమటి తీరమందలి ఫ్రాంజ్ జోసెఫ్ అను ఊరికి 285 కిలోమీటర్లు. ఈ దారి పూర్తిగా కలిసినది 1965లో మాత్రమే. కనుమ 562 మీటర్ల ఎత్తు. ఒకవైపు ఎండిన పచ్చిక కొండలు, మఱియొకవైపు నాచు పట్టిన దట్టమైన వానయడవి. పాఠములో చెప్పిన వర్షచ్ఛాయ ఒక్క దినములో కన్నులకు కట్టును. హాస్ట్ గ్రామము విడిచిన పిదప ఫాక్స్ వఱకు 120 కిలోమీటర్ల దూరమున పెట్రోలు దొరకునని నమ్మరాదు; సెల్‌ఫోను సంకేతము పలుచోట్ల అందకపోవచ్చును. కావున టాంకి నిండుగానుండవలెను. కాగితపు పటము చేతనుండవలెను.

ఏడవ దినము హోకిటికాకు 135 కిలోమీటర్లే. ముందటి దినపు శ్రమకు ఇది విశ్రాంతి. ఎనిమిదవ దినము 920 మీటర్ల ఆర్థర్ కనుమ మీదుగా క్రైస్ట్‌చర్చికి సుమారు 250 కిలోమీటర్లు. 1864లో ఆర్థర్ డాబ్సన్ అను యువకుడైన సర్వేయరు ఈ కనుమను కొలిచెను. ఆయన పేరే దానికి నిలిచినది. 1999లో తెఱవబడిన ఓటిరా వంతెన కొండ విఱిగిపడు తావును మీదుగా దాటించును. అచ్చట కీయా అను పచ్చని కొండచిలుకలు నిలిపిన కార్ల కిటికీ రబ్బరును ముక్కుతో పీకుచుండును. పిల్లలు సంతసింతురు గాని వాటికి తిండి పెట్టరాదు.

ఇట్లు మొత్తము సుమారు 1,300 కిలోమీటర్లు. ఏ దినమును 285కు మించలేదు.

విడువవలసినవి

మిల్ఫర్డ్ సౌండ్ చూడలేదేమని మీరడుగుదురు. అది లోకప్రసిద్ధమైన సముద్రపు పాయ, చూడదగినదే. కాని వనాకానుండి క్వీన్స్‌టౌనునకు 70 కిలోమీటర్లు, అచ్చటినుండి మిల్ఫర్డునకు దాదాపు 290. రానుపోను 700 కిలోమీటర్లు దాటును. అదియు కలిపినచో విశ్రాంతి దినము పోవును, రెండు రాత్రుల బసలు పోవును, అందఱును కారు కిటికీలోనుండి దేశమును చూడవలసివచ్చును. మార్గమును నిర్ణయించుట యనగా ఏమి చూడవలెనో యెన్నుట కాదు, ఏమి విడువవలెనో తెగించి చెప్పుట. విడిచినవానికి మఱియొక యాత్ర కలదు. అలసినవానికి ఉన్న యాత్రయు లేదు.

వనాకాలోని నిర్ణయము

ఇప్పుడు ఆ ఊరక గడచు దినముయొక్క విలువ. పడమటి తీరమున ఒకటే రహదారి. వాన మిక్కుటమైనప్పుడు కొండచరియలు జాఱును, నదులు పొంగును. 2019 మార్చి 26వ తేదీన ఫ్రాంజ్ జోసెఫ్ ప్రక్కనున్న వైహో నది వంతెన వరదలో కొట్టుకొనిపోయెను. అచ్చటినుండి ఫాక్స్ గ్రామము ఇరువదికొన్ని కిలోమీటర్లే. ఐనను ఆ యొక్క వంతెన తెగినందున, రోడ్డుమీద పోవలసినవారు పర్వతముల కావలనుండి ద్వీపమును చుట్టి రావలసినవారైరి. తాత్కాలిక వంతెన మూడు వారములలోపల సిద్ధమైనది గాని, ఎనిమిది రాత్రుల యాత్రికునకు మూడు వారములు యుగముతో సమానము.

కావున వనాకా మా మార్గమున కొక తీర్పు వాకిలి. ఐదవ దినము సాయంకాలము అక్కడి ప్రభుత్వపు రహదారి శాఖవారి ప్రకటనలను, వాతావరణ సూచనలను చూడవలెను. దారి క్షేమమైన పడమటికి పోవుదురు. లేనియెడల తిరిగి తూర్పువైపుననే నిలిచి, వచ్చినదారినే సుమారు 420 కిలోమీటర్లను రెండు దినములుగా పంచుకొని క్రైస్ట్‌చర్చి చేరుదురు. పడమటి బసలను నిర్ణయించునప్పుడే, ఒకటి రెండు దినములు ముందుగా రద్దుచేసిన సొమ్ము తిరిగి వచ్చునట్టివానిని ఎన్నుకొనవలెను. వలయమును ఈ దిక్కుగా తిప్పుటకు ముఖ్యకారణమిదియే. ముందుగా పడమటికి పోయినవాడు తెగిన దారి కావల చిక్కుపడును. పిదప పోదలచినవాడు తెగిన దారి కీవలనే నిలుచును.

దారి మర్యాదలు

ఎడమవైపు నడక మనకు అలవాటే యైనను కొన్ని సంగతులు క్రొత్తవి. అచ్చట ఒకే బండి పట్టు వంతెనలు చాల గలవు. వాటి మొదట బాణముల గుర్తుండును: ఎఱ్ఱని చిన్న బాణము మన దిక్కునకుండిన మనము ఆగి ఎదుటివారికి దారి యియ్యవలెను, నీలి పలకమీద తెల్లని పెద్ద బాణము మన దిక్కునకుండిన మనదే ముందు. ఐనను చూచుకొని పోవలెను. మనవెనుక బండ్లు చేరినచో క్షేమమైనచోట ప్రక్కకు తీసి వారిని పోనీయవలెను. హారను మ్రోగించుట అచ్చట పలకరింపు కాదు, కోపము. వెనుక కూర్చున్నవారును నడుము పట్టీ కట్టుకొనవలెను. ఏడేండ్లు నిండని పిల్లలకు తగిన ప్రత్యేకాసనము చట్టముచే విధింపబడినది. కారును కుదుర్చుకొనునప్పుడే దానినిగూర్చి అడుగవలెను. అయిదుగురికిని వారి పెట్టెలకును చోటు చాలునా యని చూచుకొనుటయు అప్పుడే.

లైసెన్సు ఇంగ్లీషులో లేనియెడల సరియైన అనువాదమో, అంతర్జాతీయ అనుమతి పత్రమో వెంటనుండవలెను.

పెట్టెలోని సంగతి

ఆ ద్వీపములు వ్యవసాయముమీద బ్రతుకుచున్నవి. పరదేశపు పురుగు, విత్తనము, తెగులు లోనికి రాకుండ వారు కడు జాగ్రత్త వహింతురు. తేనె తీసికొనిపోరాదు. ఆవకాయ, కారప్పొడులు, పప్పులు, మిఠాయిలు ఏవియున్నను ప్రవేశపత్రమున నిజముగా తెలుపవలెను. తెలిపినచో చూచి ఇత్తురు లేదా తీసికొందురు, నష్టమంతమాత్రమే. తెలుపక దాచినచో 400 డాలర్ల జరిమానా అక్కడికక్కడే విధింతురు. బూట్ల యడుగున మన పొలపు మన్ను అంటియుండకుండ కడుగుకొని పోవుటయు మర్యాదయే.

విద్యార్థులకు అభ్యాసము

మా విద్యార్థులు విదేశమునకు పోనక్కఱలేదు. ఈ విద్యను తరగతి గదిలోనే నేర్వవచ్చును. పటము నొకదానిని పఱచి, పలుచని దారమును రోడ్డు వంపుల వెంబడి పెట్టి, ఆ పొడవును స్కేలుతో కొలిచి, పటపు కొలతచే హెచ్చింపుడు, దూరము వచ్చును. మైదానమునకు ఒక వేగము, కొండకు ఒక వేగము వేసికొని భాగింపుడు, గంటలు వచ్చును. దానిలో సగము చేర్పుడు. ఎచ్చట రాత్రి నిలువవలెనో, ఎచ్చట దారి తెగిన వెనుకకు మరలవలెనో ఎఱ్ఱసిరాతో గుర్తింపుడు. కడపట మీ యింటిలో నందఱికంటె ఓపిక తక్కువవా రెవరో తలచుకొని, ఆ మార్గము వారికి సరిపడునా యని అడుగుడు. సరిపడనియెడల పటమును గాక మార్గమునే మార్పుడు.

అరకులోయకు పోవుటకైనను, అఒరాకికి పోవుటకైనను లెక్క యిదియే. తలిదండ్రులు ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ముతో బయలుదేరుదురు. అది సార్థకమగుట ఎన్ని ఊళ్లు చూచితిమను సంఖ్యలో లేదు. నాయనమ్మ నొప్పి లేక నిద్రించెనా, పిల్లలు చూచినదానిని జ్ఞప్తియందుంచుకొనిరా, నడిపినవాడును ఏదైన చూడగలిగెనా, బయలుదేరినవారందఱును క్షేమముగా ఇల్లు చేరిరా యనునదియే దాని లెక్క.